కాలము వండిన రుచి

"కొత్త యొక వింత, పాత యొక రోత" యని లోకమున సామెత యున్నది. చీరలకును నగలకును ఈ సామెత చెల్లునేమో కాని మన కొట్టుగదికి మాత్రము చెల్లదు. అక్కడి న్యాయము వేఱు. బాలింతకు పాతబియ్యపు అన్నము పెట్టవలెనని అత్తగారు చెప్పును. జ్వరము విడిచినవారికి పాతచింతపండు చారే పథ్యమని తల్లి చెప్పును. వైద్యుడు మందునకు పాతబెల్లము తెమ్మనును. ఒకే యింటిలో చింతపండు జాడీలు రెండుండును. ఒకదానియందు ఎఱ్ఱగా నిగనిగలాడు ఈ యేటి పండు, రెండవదానియందు నల్లబడి మెత్తనైన మునుపటేటి పండు. రెండును పుట్టిన చెట్టొకటే. వానిని వేఱుచేసినది కాలము.

అట్లని పాతబడిన దెల్ల మేలగునా? పాతనూనె కంపుకొట్టును. పాతపిండికి పురుగు పట్టును. పాలు పూటదాటిన విఱుగును. ఒక వస్తువు కాలముచేత పాడగుటకును, మఱియొకటి ఆ కాలముచేతనే బాగుపడుటకును కారణమేమి? ఎంతకాలము దాచవలెను? ఎప్పుడు తీయవలెను? అన్నింటికంటె ముఖ్యముగా, దాచుకొనగల భాగ్యము ఎవరికున్నది? ఇటలీదేశమున టస్కనీ ప్రాంతమువారు దశాబ్దముల తరబడి దాచి రుచిచూచు ఎఱ్ఱని ద్రాక్షాసవమును, ఖమ్మము భద్రాచలముల నడుమ మా యడవిపట్టులలో ఉదయమున దిగి మఱునాటికి పులిసిపోవు కల్లును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఈ ప్రశ్నలకు కొంత సమాధానము దొరకునని నా తలంపు.

మన శాస్త్రకారులు ఈ విషయమును ఏనాడో విచారించిరి. శార్ఙ్గధరుడు తన సంహితలో, మందులకు ఎల్లప్పుడును కొత్త ద్రవ్యములనే వాడవలెనని మొదట నియమము చెప్పి, వెంటనే దాని కాఱు మినహాయింపులు చెప్పెను. వాయువిడంగములు, పిప్పళ్ళు, బెల్లము, ధాన్యము, నెయ్యి, తేనె - ఈ యాఱును పాతవే శ్రేష్ఠములు. పిమ్మట ఏ మందున కెంత యాయువో లెక్కగట్టెను. చూర్ణము రెండు మాసములకు బలము తగ్గును. మందులు వేసి కాచిన నేతులును తైలములును నాలుగు మాసములు దాటిన నీరసించును. మాత్రలకును లేహ్యములకును ఒక యేడు మేర. కాని ఆసవములు, లోహభస్మములు, రసౌషధములు మాత్రము పాతబడిన కొలదిని గుణవంతము లగునని చెప్పి ముగించెను. చరకుడును అన్నపానవిధిలో, కొత్తమద్యము బరువై దోషములను రేపుననియు, పాతబడినది తేలికయై రుచి పుట్టించి జఠరాగ్నిని వెలిగించుననియు భేదము చూపెను. ఇక పాతనేతి మాట చెప్పనక్కఱలేదు. పదియేండ్లు నిలిచిన నెయ్యి తీవ్రమైన వాసనతో లక్కరసము రంగునకు దిరుగునని చరకసంహిత వర్ణించుచున్నది. నూఱేండ్లవఱకు నిలిచినదానికి కుంభసర్పి యనియు, అంతకు మించినదానికి మహాఘృత మనియు సుశ్రుతుడు పేర్లే పెట్టినాడు. తాతగారు దాచిన నేతిని మనుమడు తెఱచుటయే యిది.

కుటుంబపత్రికలో మద్యప్రసంగ మేల యని సోదరీమణులు కొందఱు నొసలు చిట్లింపవచ్చును. నేను ద్రాక్షాసవమును త్రాగి చెప్పుట లేదు, త్రాగుమని చెప్పుటయు లేదు. కాని ఒక పానీయము నాలుగైదు దశాబ్దములు సీసాలో నుండి యేమగుచున్నదో పరీక్షించి తరతరములుగా వ్రాసియుంచిన వారు ఆ దేశస్థులు. పాతనేతికిగాని పాతబెల్లమునకుగాని అట్టి దినచర్య మనవారు వ్రాసిపెట్టలేదు. కాలము పదార్థముమీద నెట్లు పనిచేయునో తెలియవలెనన్న వారి లెక్కలను చూడకతప్పదు. తెలిసికొనుట వేఱు, సేవించుట వేఱు.

టస్కనీ యనునది ఇటలీ నడిమిభాగమున గుట్టలును లోయలును గల సీమ. ఫ్లారెన్సు, సియెనా నగరములు అందులోనివే. అక్కడి ఎఱ్ఱని ద్రాక్షలలో ముఖ్యమైనది సాంజొవేజె యను జాతి. దాని పండు పులుపును వగరును మిక్కుటముగా గలది. కియాంతీ యను ప్రసిద్ధమైన ఆసవమును ఆ పండుతోనే చేయుదురు. బెత్తీనో రికాసోలి యను జమీందారు, ఇటలీకి ప్రధానమంత్రిగాకూడ పనిచేసినవాడు, కియాంతీ చేయు పాకమును గుఱించి పరిశోధన చేసి 1872లో పీసా విశ్వవిద్యాలయపు ఆచార్యుని కొక జాబు వ్రాసెను. సాంజొవేజె పండు సువాసనను బలమును ఇచ్చును. కనైయోలో యను పండు దానికి మెత్తదనము నిచ్చును. మల్వసీయా యను తెల్లపండు కలిపిన తేలికయై వెంటనే త్రాగుటకు బాగుండును, కాని చిరకాలము దాచదలచినదానిలో ఆ తెల్లపండు వేయకుండుట మేలు - ఇది ఆ జాబు సారము. మన యావకాయ సంగతియు నింతే గదా! పదిదినములలో తినివేయు ముక్కలపచ్చడికి ఒక కొలత, ఏడాది నిలువయుంచు జాడీకి ఉప్పు, కారము, నూనె వేఱొక కొలత. నిలువయుండవలసినది పుట్టినప్పుడే నిలువకు తగినట్లు పుట్టవలెను. తరువాత దలచిన ప్రయోజనము లేదు.

సియెనాకు దక్షిణముగా మొంతాల్చీనో యను కొండపై యూరున్నది. అక్కడ ఫెర్రూచ్చో బియోందీ సాంతి యను నతడు తన తోటలోని సాంజొవేజె తీగలలో మంచివానిని ఏర్చి, వేఱు పండు కలుపక ఒక్కదానితోనే ఆసవము చేసి, పెద్దపెద్ద ఓకుచెక్క పీపాలలో ఏండ్లతరబడి యుంచి 1888లో బ్రునెల్లో యను పేరిట సీసాలకెక్కించెను. ఆ కాలమున చుట్టుపట్లవారు ఏటి పంటను ఆ యేడే త్రాగి ముగించువారు. ఇతని పట్టుదల వారికి పిచ్చిగా దోచియుండును. నేడు బ్రునెల్లోకు ఇటలీ ప్రభుత్వపు శాసన మున్నది. పంటకోసిన తరువాతి యయిదవ సంవత్సరపు జనవరి మొదటితేది వచ్చువఱకు దానిని అమ్మరాదు. అందులో రెండేండ్లయిన చెక్కపీపాలలో ఉండవలెను. ప్రత్యేకముగా దాచు రకమునకు మఱియొక యేడు కూడ ఆగవలెను. 1980లో ఆ దేశపు అత్యున్నతమైన నాణ్యముద్రను మొట్టమొదట పొందినవానిలో ఇదియు నొకటి.

సీసాలో జరుగు పని నిప్పులేని వంటవంటిది. ఎఱ్ఱని ద్రాక్ష తోలునుండియు గింజలనుండియు రంగును వగరును రసములోనికి దిగును. ఆ వగరుపదార్థములను రసాయనశాస్త్రజ్ఞులు టానినులందురు. కరక్కాయలో, తుమ్మబెరడులో నాలుకను పట్టివేయునవి ఇట్టివే. కొత్త యాసవమున ఇవి విడివిడిగా నుండి నోరు తడియారునట్లు చేయును. ఏండ్లు గడచుకొలది అవి ఒకదానినొకటి పట్టుకొని, రంగుపదార్థములతోను కలిసి, పెద్ద ముద్దలై, తుదకు బరువెక్కి సీసా అడుగున మడ్డిగా దిగును. అందుచేత వగరు మెత్తబడును, రంగు పలుచనగును. సీసా బిరడా సందున చొచ్చు ఆవగింజంత గాలి ఈ పనికి తోడ్పడును. గాలి యెక్కువైనచో అంతయు చెడి పులిసిపోవును. గాలియు సూక్ష్మజీవులును ద్రాక్షాసవమును ఎట్లు మార్చునో 1860వ దశాబ్దములో ఫ్రాన్సుదేశపు లూయీ పాశ్చరు పరిశోధించి గ్రంథము వ్రాసెను. అందుచేతనే సీసాలను చీకటియు చల్లదనమును గల నేలమాళిగలో పండుకొనబెట్టుదురు. పండుకొనబెట్టిన బిరడా తడిగానుండి బిగువు సడలదు. పులుపును వగరును ఈ యాసవమునకు కోటగోడలవంటివి. ఆ గోడలు బలముగా లేని ఆసవము రెండుమూడేండ్లకే చప్పబడును.

ఇక దశాబ్దములు గడచిన సీసాను తెఱచి రుచిచూచుట యెట్లో వినుడు. ముందు సీసాను ఒక దినమో రెండు దినములో నిలువుగా నుంచుదురు. మడ్డి అడుగునకు దిగుటకు. పాతబిరడా బెండువలె పొడియగును గనుక మెల్లగా తీయుదురు. తేటను మాత్రము మఱియొక పాత్రలోనికి వంచుకొని మడ్డి వచ్చు సమయమునకు ఆపుదురు. మనము నెయ్యి కాచి గసి రాకుండ వంచుకొనునట్లే. గాజుపాత్రను తెల్లనిగుడ్డ కెదురుగా వంచి మొదట రంగు చూతురు. కొత్తలో నేరేడుపండు చాయతో నుండినది ఇప్పుడు నడుమ గోమేధికపు టెఱుపును, అంచున ఇటుకరంగును, మఱియు పాతదైనచో పండిన నారింజ చాయను చూపును. పిమ్మట వాసన. పచ్చిపండ్ల వాసన పోయి ఎండుపండ్లు, పొగాకు, తోలు, వానతడిసిన అడవిలో రాలిన యాకుల వాసన వచ్చునని రుచిచూచువారు చెప్పుదురు. కడపట నాలుకమీద ఒక గుక్క. వగరు పట్టుపోయి పట్టువస్త్రమువలె జాఱును. పులుపుమాత్రము సన్నని దారమువలె నిలిచి తక్కినవానిని కూర్చియుంచును. మ్రింగిన తరువాత రుచి యెంతసేపు నిలిచినదో అదియే దాని గొప్పతనమునకు కొలత.

ఈ రుచికి ఆయువు తక్కువ. నలువదియేండ్లు సీసాలో ఓర్చిన ఆసవము గాలి సోకిన కొలదిసేపటికే వాడిపోవచ్చును. పదిసీసాలు ఒకే దినమున దాచినను, బిరడా మంచిదైన సీసా ఒక తీరున, సడలిన సీసా ఒక తీరున నుండును. మిక్కిలి పాతవానిలో మంచి పంట యనుటకంటె మంచి సీసా యనుటయే న్యాయము. బియోందీ సాంతి కుటుంబమువారు పాతసీసాలను తెఱచి, తఱిగినంతమేర అదే పంట ఆసవముతో నింపి, కొత్తబిరడా వేయు పద్ధతి నొకదానిని పాటించుచు వచ్చిరి. ఫెర్రూచ్చో కుమారుడు తాంక్రేది రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులు దోచుకొందురను భయమున పాతసీసాలకు అడ్డముగా గోడ కట్టించెనట. మన తాతమ్మలు దొంగలభయమున కాసులపేరులను గోడలలో దాచినట్లే! 1994లో ఆ కుటుంబమువారు 1888 మొదలు నూఱేండ్లలో పండిన పంటలు కొన్నింటిని పరీక్షకులముందు తెఱచిరి. అందు 1891 నాటిదానికి ఆంగ్లరచయిత యొకడు పూర్ణాంకము లిచ్చెను. వారి 1955 నాటి పంటను అమెరికాలోని ద్రాక్షాసవపత్రిక యొకటి 1999లో ఇరువదవ శతాబ్దపు పండ్రెండు మేలైనవానిలో చేర్చెను. దాచినవాడు రుచిచూడలేదు, రుచిచూచినవారు దాచినవాని నెఱుగరు.

ద్రాక్షాసవమునకు మన వైద్యశాస్త్రమున తోబుట్టువు ద్రాక్షారిష్టము. పచ్చిద్రవ్యములను నీటిలో నానవేసి పులియబెట్టినది ఆసవ మనియు, కషాయము కాచి పులియబెట్టినది అరిష్ట మనియు శార్ఙ్గధరుడు వేఱుచేసి చెప్పెను. ద్రాక్షపండ్ల కషాయములో బెల్లము కలిపి, దాల్చినచెక్క, ఏలకులు, ఆకుపత్రి, నాగకేసరములు, మిరియములు, పిప్పళ్ళు, వాయువిడంగములు మున్నగువాని పొడి వేసి, మూతికి మన్నుగుడ్డ చుట్టి నిలువయుంచుదురు. పెక్కు అరిష్టములలో ధాతకీపుష్పము వేయుదురు. మా యడవులలో వేసవి మొదట ఎఱ్ఱగా పూయు ఈ పూవునకు వగరెక్కువ. పులియుటకును అది తోడ్పడును. టస్కనీలో ద్రాక్షతోలు చేయు పనిని మన భాండములో ఈ చిన్నపూవు చేయుచున్నది. మా పుట్టినింట వైద్యము చేయు మేనమామ యొకరు ఆ యేడు తీసిన ద్రాక్షారిష్టమును, పండ్రెండేండ్ల క్రిందట తీసినదానిని చెరియొక చెంచాడు నా నాలుకపై వేసి భేదము చెప్పుమనిరి. కొత్తదానిలో ముందు బెల్లపుతీపి, వెనువెంటనే మిరియపు ఘాటు, ఆపైని వగరు, ఏది కాది విడివిడిగా తగిలినవి. కొత్తకాపురమునకు వచ్చిన ఏడుగురు తోడికోడండ్రవలె. పాతదానిలో ఏలక్కాయ యేదో దాల్చిన యేదో చెప్ప వలనుపడలేదు. అన్నియు కలిసి యొకే రుచియై, గొంతు దిగిన తరువాత మెల్లగా వేడిమి పుట్టించెను. పదార్థ మొకటియే, పాళ్ళొకటియే, పండ్రెండేండ్లే వ్యత్యాసము.

ఇక మా యడవులను చూడుడు. గోదావరికి ఇరువైపుల దుమ్ముగూడెము, చర్ల, పాల్వంచ, అశ్వారావుపేట పరిసరములలో కోయలును, కొండలమీద కొండరెడ్లును నివసింతురు. వారి త్రాగుడు తాటికల్లు, జీలుగుకల్లు, ఇప్పసారా. ఉదయము చెట్టునుండి దిగిన కల్లు తియ్యగా నుండును. మధ్యాహ్నమునకు పొంగి నుఱుగుకట్టును. మఱునాటికి పుల్లనై త్రాగ వలనుగాదు. దానిలో చక్కెర యున్నది గాని ద్రాక్షలోని పులుపును వగరును లేవు, గాలి సోకకుండ కాచు బిరడా లేదు. దానికి కోటలేదు; కాబట్టి వచ్చిన సూక్ష్మజీవి యెల్ల దోచుకొనును. జీలుగుచెట్టు బ్రతుకును అట్టిదే. అది జీవితకాలమున ఒక్కమాఱే పూత పట్టును. పైగెలతో మొదలిడి క్రిందిగెలవఱకు కొన్నియేండ్లు పూచి, ఆ పూత ముగియగానే చనిపోవును. కల్లు దాచువస్తువు కాదు, పంచుకొను వస్తువు. చెట్టుక్రింద నలుగురు కూడి ఆనాటిది ఆనాడే ముగింతురు.

అట్టి చెట్టుమీద కూడ ఏలికల కన్ను పడినది. మన్యములో తమ యింటివాడుకకు కల్లు తీసికొనుటను క్రొత్త ఆబ్కారీ నియమములచే నిషేధించి, కల్లుహక్కును గుత్తదారుల కప్పగించుటవలన 1879 మార్చిలో రంప పితూరీ పుట్టెను. ఆ జూలైకి అది భద్రాచలము తాలూకాలోని రేకపల్లె సీమకు ప్రాకెను. ఆ తాలూకా అంతకు అయిదేండ్లముందు, 1874లో, మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలో చేరినది. పోడుపన్ను పెరుగుటయు అక్కడి వారి కోపమునకు కారణమయ్యెను. ఒక పూటకంటె నిలువని పానీయమునకై ఏడాదికి పైగా యుద్ధము జరిగినదన్న ఆశ్చర్యముగా దోచును. కాని వారు పోరాడినది మత్తునకై కాదు. తమ చెట్టుమీద తమ కుండవలసిన హక్కునకై.

అడవిపానీయములలో ఇప్పపూవు కథ వేఱు, అదియే నే నీ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది. ఫాల్గుణచైత్రములలో తెల్లవాఱుజామున ఇప్పచెట్టు వెన్నముద్దలవంటి పూవులను రాల్చును. ఆడువారును పిల్లలును గంపలు తీసికొని చీకటితోనే పోయి ఏరుదురు. ఆ దినములలో మావారు చదువు చెప్పు బడిలో కోయపిల్లల వరుసలు సగము ఖాళీగా నుండును. ఏరిన పూవును ఎండబెట్టగా ఎండుద్రాక్షవలె ముడుచుకొని గోధుమవన్నెకు వచ్చును. అందు సగమునకు పైగా చక్కెరయే. తడి తగులకుండ దాచిన ఎండుపూవు నెలలతరబడి నిలుచును. దానిని ఉడికించి తిందురు, దంచి ముద్దలు చేయుదురు. కఱవునాడు అదియే గంజి, అదియే కూడు. చెట్టుగింజలనుండి వంటకును దీపమునకును నూనె దిగును. అనగా ఇప్పపూవు తనంత తాను నిలువయుండదగిన వస్తువు. దానికి కాలము శత్రువు కాదు.

కాని పూవు ఏరిన తల్లికి కాలము చుట్టము కాదు. వేసవిలో అందఱ యిండ్లను పూవే యుండును. అందఱకును అప్పు లుండును, ఉప్పు పప్పు కావలసియుండును. కావున అందఱును ఒక్కమాఱే సంతకు తెత్తురు, ధర పడిపోవును. వర్తకుడు కొని కొట్టులో నింపి తాళము వేయును. ఆషాఢశ్రావణములలో వానలు పట్టి గ్రాసము తఱిగినప్పుడు ఆ పూవునే ఎక్కువధరకు ఆ యింటివారే కొనుచుందురు. నాలుగునెలలలో పూవు మాఱలేదు. దాని యజమాని మాఱినాడు. టస్కనీలో ఫెర్రూచ్చోకు తోటయు, నేలమాళిగయు, పంట అమ్మకున్నను ఆ యేడు గడచు వసతియు నుండెను. కాలము అతని సీసాలో పనిచేసి అతని మనుమలకు కీర్తి తెచ్చెను. కోయతల్లి గంపలోని పూవునందు కాలము చేయు లాభము మాత్రము ఇతరుల పెట్టెకు పోవుచున్నది. ఓర్పు గుణమని మనము పిల్లలకు నీతి చెప్పుదుము. కాని ఓర్పునకు కొట్టుగది కావలెను, కొట్టుగదికి ముందు రేపటికూడు కావలెను. ఆకలితో నున్నవారికి "దాచుకొనుము" అని చెప్పుట నీతి కాదు, నిష్ఠురము.

ఈ సంగతి తెలిసియే దొరతనమువారు కొన్ని యేర్పాట్లు చేసిరి. అడవిసరకును గిరిజనులయొద్ద న్యాయమైన ధరకు కొనుటకై 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకారసంస్థ యేర్పడెను. 1996 నాటి పెసా చట్టము చిన్నతరహా అటవీఫలసాయముమీద యాజమాన్యమును, మత్తుపదార్థములను నిషేధించుటకో నియమించుటకో అధికారమును గ్రామసభలకు కల్పింపవలెనని చెప్పెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము సేకరించు హక్కును స్థిరపఱచెను. 1879లో ఏ హక్కునకై రక్తము కారినదో అది కాగితముమీద వచ్చినది. దానిని గంపలోనికి తెచ్చుకొనవలసియున్నది. పదియిండ్ల యాడువారు కలిసి తలా రెండు కుంచముల పూవును ఒకచోట నిలువచేసి, వానకాలము వచ్చువఱకు అమ్మకుండగలిగినచో అదియే వారి నేలమాళిగ యగును.

మత్తునుగుఱించి ఒక్కమాట చెప్పక ముగించుట దోషము. పాతబడిన ద్రాక్షాసవమున వగరు మెత్తబడును గాని మత్తు తగ్గదు. నలువదియేండ్లనాడెంత సారాంశ మున్నదో దాదాపు నేడును అంతయే యుండును. ఆరోగ్యమునకు హాని లేనంత మేర మద్యమున కేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. చరకుని కాలపుమాటను పట్టుకొని మన యింటి మగవారు సీసాకు శాస్త్రప్రమాణము వెదకనక్కఱలేదు. సారాచేత కాపురములు కూలుట చూచి 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు మొదలిడిన పోరాటము రాష్ట్రమంతటను వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధింపజేసెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ సంపూర్ణనిషేధము సడలినను, చదువురాని యాడువారు దుకాణముల ముందు నిలిచి సాధించిన ఆ విజయము చిన్నది కాదు. సాయంకాలమునకు ముగియు సీసా దినకూలిని మ్రింగును. కావుననే వారు పోరాడిరి. గాజుసీసాలోని పాతదనము దానికి మఱుగు కారాదు.

ఇంతవఱకు చెప్పినదానినుండి మన గృహములకు పనికివచ్చునది మూడుమాటలు. మొదటిది: నిలువయుంచవలసినదానికి నిలువగల బలమును మొదటనే యీయవలెను. చవుకపండు పోసి, ఉప్పు తగ్గించి, పదేండ్లు నిలువలేదని కాలమును నిందించిన లాభము లేదు. పిల్లల చదువును ఇట్టిదే. పునాదిలో కొంచెము పులుపు, కొంచెము వగరు ఉండవలెను. కేవలము తీపితో పెంచినది కల్లువలె మఱునాటికి పులియును. రెండవది: దాచుట యెంత విద్యయో తెఱచుట అంతకంటె గొప్పవిద్య. కాలము దాటిన సీసాయు వ్యర్థమే. పెండ్లినాటి పట్టుచీరను ముడతలలో చీకిపోనిచ్చి, మంచిగిన్నెలను అటకమీద చిలుము పట్టనిచ్చి, అతిథికిగాని కోడలికిగాని చేతికీయక కన్నుమూసిన ఇల్లాండ్రను మనమెఱుగమా? దాచినదానికి ఫలము అనుభవింపబడుటయందే యున్నది.

మూడవదానిని నేను అన్నింటికంటె పెద్దదిగా దలతును. కాలము అందఱకును సమానముగా నడచునుగాని అందఱకును సమానముగా పనిచేయదు. కొట్టుగది కలవారికి అది వంటమనిషి. లేనివారికి అది అప్పులవాడు. వేసవిలో మన యింటివాకిట ఇప్పపూవు గంప దింపిన తల్లితో ధర తగ్గింపుమని బేరమాడునప్పుడు, ఆమె అమ్ముచున్నది పూవునొక్కదానిని కాదు, రాబోవు నాలుగు వానకాలపు నెలలనుకూడ అమ్ముచున్నదని జ్ఞాపకముంచుకొందము. ఆమె యడిగిన ధర యిచ్చినచో మన కొట్టుగది యేమియు వట్టిపోదు. ఆమె యింట ఒక గంప పూవు ఆషాఢమువఱకు నిలుచునేమో!